జీర్ణం కాని వాతాపి

ఈసారి మన మాట క్షయ. అంటే తరిగిపోవడం. టీబీకి తెలుగు పేరు ఇదే. ఈ జబ్బు మనిషిని రోజురోజుకీ తగ్గించేస్తుంది కదా!

ఒకప్పుడు సింగపూర్‌లో దీనివల్ల చాలామంది చనిపోయేవారు. 1947లో సాటా అనే స్వచ్ఛంద సంఘం దీని కోసమే పుట్టింది. తరువాత మంచి మందులు వచ్చాయి, పిల్లలకు బీసీజీ టీకా వచ్చింది. అయినా క్షయ పోలేదు. ఎందుకు?

మన ఒంట్లో కాపలా కణాలు ఉంటాయి. అవి సూక్ష్మజీవిని మింగి ఒక చిన్న సంచిలో పెడతాయి. అరిగించే రసాలున్న ఇంకో సంచి వచ్చి దానితో కలుస్తుంది. అంతే, సూక్ష్మజీవి పని అయిపోతుంది. అగస్త్యుడి కడుపులో వాతాపి జీర్ణమైనట్టు! కానీ క్షయ సూక్ష్మజీవి ఆ రెండు సంచులను కలవనివ్వదు. 1971లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అనే ఇద్దరు లండన్‌లో ఎలుక కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి ఈ సంగతి రాశారు. మింగినవాడి కడుపులోనే కాపురం అన్నమాట. నాకు ఇది చాలా తెలివైన దొంగతనంలా అనిపిస్తుంది.

అక్కడ అది ఏళ్ల తరబడి నిద్రపోగలదు. చాలామందిలో ఎప్పటికీ లేవదు. కొందరిలో వయసు మీదపడి, లేదా షుగరు వచ్చి ఒంటి బలం తగ్గాక లేస్తుంది. సింగపూర్‌లో ఇప్పటికీ ఈ జబ్బు పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. చిన్నప్పుడు, ఇరుకు ఇళ్ల రోజుల్లో సోకింది ఇప్పుడు లేవవచ్చు.

1997లో ప్రభుత్వం క్షయ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. దాని ప్రకారం రోగి పాలీక్లినిక్‌కు వెళ్లి నర్సు ఎదురుగా మాత్రలు మింగాలి. మామూలుగా ఆరు నెలలు. దగ్గు ముందే తగ్గిపోతుంది, కానీ నిదానంగా పెరిగేవి, నిద్రపోయేవి అంత త్వరగా చావవు.