బైఠక్ దాటి వచ్చిన బేతార్ ఫోను

కడపలో మా నానా ఇంటి ఫోను బైఠక్‌లో ఉండేది. దర్వాజా పక్కన చిన్న మేజా, దాని మీద నల్ల ఫోను, పైన నానీ కుట్టిన గిలాఫ్. కొవైట్ నుంచి మామూ జుమా రోజు ఫోను చేసేవాడు. సరిగ్గా ఆ వేళకే నానా దోస్తులు బైఠక్ నిండా కూర్చుని ఉండేవారు. ముమానీ పర్దా చాటున నిలబడేది. నానా గట్టిగా ఖైరియత్ అడిగి, పైకప్పు మరమ్మతు గురించి, పిల్లల ఫీజుల గురించి మాట్లాడి పెట్టేసేవారు. ఆ ఫోనులో మియా బీవీ మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు.

1997లో ఛుట్టీకి వచ్చినప్పుడు మామూ పెట్టెలోంచి తీగ లేని ఫోను తీశాడు. మేమంతా కార్డ్‌లెస్ అన్నాం. నానీ మాత్రం చివరిదాకా బేతార్ అనే పిలిచింది. దాని ప్లగ్గుకు మూడు లావుపాటి చదరపు కాళ్లు. మన సాకెట్లో దూరకపోతే బజారుకెళ్లి వేరే పిన్ను తెచ్చాం. ఆ జుమా నాడు ముమానీ బావర్చీఖానాలో పీట మీద కూర్చుని, పొడుగాటి యాంటెన్నా లాగి, ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఆమె నవ్వు బైఠక్ దాకా వినబడింది. నానా ఏమీ అనలేదు.

ఈ చీజ్ తారీఖ్ మనం అనుకున్నదానికంటే పాతది. అమెరికాలో జార్జ్ స్వైగర్ట్ అనే హామ్ రేడియో ఆయన దీనికి 1969లోనే పేటెంట్ తీసుకున్నాడు. బజారులో జోరుగా అమ్ముడైంది మాత్రం 1980లలో. లోపల జరిగేది సాదాగా చెప్పాలంటే, బేస్ ఒక చిన్న రేడియో స్టేషన్, చేతిలోది ఇంకొకటి. గోడలోని టెలిఫోన్ తీగకు, మన చెవికి మధ్య నాలుగు గదుల దూరం హవాలో నడుస్తుంది. మొదటి రోజుల్లో కొన్ని సెట్లకు గంట కూడా చెవి దగ్గరి స్పీకర్‌లోంచే మోగేది. బటన్ నొక్కడం మరిచి చెవికి పెట్టుకున్నవాళ్ల వినికిడి దెబ్బతిందని డాక్టర్లు రాశారు. తర్వాత గంటను చెవికి దూరంగా మార్చారు.

ఆ కాలపు అనలాగ్ సెట్లలో ఆవాజ్ ఎఫ్ఎం రేడియోలాగే తెరిచి ఉంటుంది. అదే ఫ్రీక్వెన్సీ మీద ఇంకో సెట్ ఉంటే చాలు. ఈ సంగతి మాకు తెలిసే సరికి ఆలస్యమైంది. మామూ జీతం మూడు నెలలుగా రాలేదని, కాసులపేరు తాకట్టు పెట్టానని ముమానీ ఆయనకు చెప్పుకుని ఏడ్చింది. వారం తిరక్కుండా ఆ మాట పక్క గల్లీలో తిరిగింది. అక్కడా ఒక ఇంటికి గల్ఫ్ నుంచి అలాంటి సెట్టే వచ్చి ఉంది. ఎవరో కావాలని విన్నారని నేననను. ఫోను ఎత్తితే మా ఆవాజ్ వచ్చి ఉంటుంది. కానీ విన్నాక పెట్టేయలేదు, అది మాత్రం నిజం. "ఇదివరకు గోడలకే చెవులుండేవి, ఇప్పుడు హవాకు కూడా వచ్చాయి" అంది నానీ. ముమానీ మళ్లీ నెలల తరబడి పర్దా చాటుకే వెళ్లింది.

ఈ తక్‌లీఫ్ మా ఒక్క ఇంటిది కాదు. ప్రపంచమంతా ఇదే షికాయత్. యూరప్‌లో 1992 నాటికి డెక్ట్ అనే డిజిటల్ పద్ధతి వచ్చింది, 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ మధ్య. అందులో మాటను అంకెలుగా మార్చి, తాళం వేసి పంపే వీలుంది. మన ఐఐటీ మద్రాసు వాళ్లు ఆ డెక్ట్ మీదే కార్‌డెక్ట్ అనే పద్ధతి తయారుచేసి, తీగ లాగడం కష్టమైన పల్లెలకు ఫోను ఇచ్చారు. అమెరికా డెక్ట్ 6.0 వేరు. అది 1920 నుంచి 1930 మధ్య నడుస్తుంది. మన దగ్గర ఆ జాగా మొబైళ్లది. కాబట్టి చికాగో నుంచి భాయిజాన్ ప్రేమతో తెచ్చినా ఆ సెట్ ఇక్కడ వాడకూడదు, టవర్‌కు అడ్డు తగులుతుంది. పైగా దాని అడాప్టర్ 120 వోల్టులదే అయితే మన 230లో పెట్టగానే పని ఖతం.

ఇంకో రాత్రి సంగతి. వానాకాలం, కరెంటు లేదు. నానాకు ఛాతీలో నొప్పి. కార్డ్‌లెస్ ఎత్తితే సన్నాటా. బేస్‌కు కరెంటు లేకపోతే చేతిలోది నిండుగా చార్జ్ అయి ఉన్నా ఉపయోగం లేదు. అబ్బా సందూకులోంచి పాత నల్ల ఫోను తీసి గోడకు తగిలిస్తే వెంటనే డయల్ టోన్ వచ్చింది, ఎందుకంటే దానికి కావలసిన 48 వోల్టులు ఎక్స్‌ఛేంజీ నుంచి ఆ తీగలోనే వస్తాయి. డాక్టరు దొరికాడు. నానా ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికారు. ఇప్పుడు ఫైబర్ లైను పెట్టించుకున్నవాళ్లకు ఈ ఆసరా లేదు. ఇంట్లోని ఆ పెట్టెకు కరెంటు పోతే తీగ ఫోను కూడా మూగదే. ముసలివాళ్లున్న ఇళ్లలో చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోండి.

ఇంకా వాడుతున్నవాళ్లకు నాలుగు మాటలు. చార్జింగ్ రేకుల మీద మురికి చేరితే ప్లగ్గు తీసి పొడి బట్టతో తుడవండి. బ్యాటరీ పోతే గడియారంలో వేసే మామూలు సెల్లు వేయకండి. అవి చార్జింగ్‌కు చేసినవి కావు, కారిపోతాయి, పగిలినా పగలొచ్చు. ఉరుములు మొదలయ్యే ముందే కరెంటు ప్లగ్గుతో పాటు టెలిఫోన్ తీగ కూడా పీకండి. చాలామంది మొదటిది తీసి రెండోది మరిచిపోతారు.

పోయిన నెల నానీ అల్మారా సర్దుతుంటే ఆ సెట్ దొరికింది. బ్యాటరీ కారి తెల్లగా పొడి కట్టింది. ఆ పాత ప్యాకుల్లో ఉండేది కాడ్మియం, కిడ్నీలను తినే జహర్. చెత్తలో వేస్తే నేలలోకి, నీళ్లలోకి పోతుంది. కబాడీకి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. మా మొహల్లా వెనక గల్లీలో రాగి కోసం తీగలు కాల్చేది పదేళ్ల, పన్నెండేళ్ల పిల్లలు. ఆ నల్ల పొగ వాళ్ల ఛాతీల్లోకే వెళుతుంది. మన దేశంలో ఈ-వేస్ట్ నియమాలు 2012 మే నుంచి అమల్లో ఉన్నాయి, బ్యాటరీల నియమాలు 2022లో కొత్తగా వచ్చాయి. వాటి ప్రకారం తయారుచేసిన కంపెనీలదే తిరిగి తీసుకునే జిమ్మేదారీ. కొత్త ప్యాకుల మీద చక్రాల చెత్తడబ్బాకు అడ్డంగా గీత కొట్టిన గుర్తు అందుకే.

చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ప్యాకు తీశాను, కొసలకు టేపు అంటించి, రిజిస్టర్డ్ ఈ-వేస్ట్ కేంద్రానికి వేరుగా ఇచ్చాను. ఇచ్చేముందు ముమానీని అడిగాను. చేతిలోకి తీసుకుని, యాంటెన్నా ఒకసారి పైకి లాగి, మళ్లీ లోపలికి నొక్కి, "తీసుకెళ్లు బేటా" అంది.