రేంజ్ (ప్రోగ్రామింగ్) – చరిత్ర

ఎన్నో స్థానంలో ఏ విలువ ఉండాలో చెప్పే ఫంక్షన్ ఒకటి ఉంటే చాలు, ఆ విలువలన్నిటినీ ముందే మెమరీలో నింపుకోకుండా, అడిగినప్పుడు ఒక్కొక్కటే లెక్కగట్టి ఇచ్చే వరసను నిర్మించవచ్చు. డి భాషలోనూ, ఇటీవలి సీ ప్లస్ ప్లస్‌లోనూ ఇలాంటి వరసను రేంజ్ అంటారు.

తొలి రూపాలు

అల్గాల్ 60లో ప్రొసీజర్‌కు పేరుతో పంపిన సమాసాన్ని వాడిన ప్రతిసారీ కొత్తగా లెక్కిస్తారు. డెన్మార్క్‌కు చెందిన యోర్న్ యెన్సెన్ దీన్ని ఆసరా చేసుకుని, ఇండెక్సును మారుస్తూ ఏ శ్రేణి మొత్తాన్నయినా ఒకే ప్రొసీజర్‌తో రాబట్టే ఉపాయం చూపాడు. 1962లో కెన్నెత్ ఐవర్సన్ తన గ్రంథంలో వరస సంఖ్యలకు అయోటా గుర్తు వాడాడు. 1970ల నడుమ ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం రూపొందించిన క్లూ భాషలో విలువలను ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్లు వచ్చాయి. 1994లో సీ ప్లస్ ప్లస్ ప్రమాణ ముసాయిదాలోకి ఇటరేటర్ల మీద ఆధారపడిన స్టెపనోవ్ లైబ్రరీని తీసుకున్నారు.

డి భాష

వాల్టర్ బ్రైట్ రూపొందించిన డి భాష 2001లో వెలుగు చూసింది. 2009 బూస్ట్‌కాన్ సదస్సులో ఆండ్రే అలెగ్జాండ్రెస్కు, ఇటరేటర్లకు కాలం చెల్లిందని వాదిస్తూ ప్రసంగించాడు. మొదలుకు ఒకటి, చివరకు ఒకటి చొప్పున జంటగా తిరిగే ఇటరేటర్ల బదులు ఒకే వస్తువు చాలునన్నాడు. దానికి కావలసినవి మూడే: ఖాళీ అయిందా, ముందున్నది ఏమిటి, ఒక అడుగు జరుగు. ఇంత క్లుప్తమైన నిర్వచనం మీద డి భాష ప్రామాణిక లైబ్రరీలో అంత పెద్ద భాగం నిలబడడం మెచ్చదగిన విషయం. 2010లో ఆయన రాసిన డి భాషా గ్రంథం వెలువడింది.

ఆ లైబ్రరీలో ఫంక్షన్ నుంచి వరసను పుట్టించే సాధనాలు రెండున్నాయి. రికరెన్స్ కొత్త విలువను వెనకటి విలువల నుంచి కడుతుంది. ఫిబొనాచీ సంఖ్యలు ఇందుకు తగినవి. అందులో వందో పదం కావాలంటే ముందున్నవన్నీ దాటి రావలసిందే. సీక్వెన్స్ అలా కాదు. దానికిచ్చే ఫంక్షన్ ఇండెక్సును నేరుగా తీసుకుంటుంది. 1కి ఇండెక్సు రెట్టింపును కలిపే సూత్రమిస్తే 1, 3, 5, 7 అంటూ బేసి సంఖ్యలు వస్తాయి, వాటిలో ఏ స్థానానికైనా ఒకే దూకులో చేరవచ్చు. రెండూ అనంతాలే. ఖాళీ అయ్యే ప్రసక్తే లేదన్న సంగతి కంపైల్ దశలోనే తెలిసిపోతుంది, కాబట్టి వాటి పొడవు అడిగే ప్రోగ్రామ్ కంపైల్ కాదు.

అదే లైబ్రరీలో వరస సంఖ్యలనిచ్చే అయోటాను దశాంశ సంఖ్యలతో వాడినప్పుడూ ఇండెక్సు నుంచి నేరుగా లెక్కించే ఈ పద్ధతే కనిపిస్తుంది. అడుగు మీద అడుగు కూడుతూ పోతే చిన్న దోషాలు పోగుపడతాయి. అందుకని ప్రతి విలువనూ ఆరంభానికి ఇండెక్సు రెట్ల అడుగును కలిపి తాజాగా లెక్కిస్తారు.

ఇతర భాషలు

పైథాన్‌లో ఇండెక్సుకు విలువనిచ్చే పద్ధతి ఉన్న ఏ వస్తువునైనా సున్నా నుంచి వరసగా అడుగుతూ ఫర్ లూప్‌లో నడిపించవచ్చు. 2001లో 2.2 వెర్షన్‌తో ఇటరేటర్లు వచ్చినా ఈ పాత మార్గం మూతపడలేదు. ఎఫ్ షార్ప్‌లోనూ, 2014 నాటి జావా 8లోనూ ఇండెక్సు ఫంక్షన్ నుంచి వరసను పుట్టించే సదుపాయాలున్నాయి. ఎరిక్ నీబ్లర్ కృషితో రేంజ్‌లు సీ ప్లస్ ప్లస్ 20లో చేరాయి. అక్కడ అయోటాకు ట్రాన్స్‌ఫార్మ్ తగిలిస్తే ఇండెక్సు ఫంక్షన్ వరసగా మారుతుంది. ఫలితాన్ని దాచిపెట్టరు గనక ఒకే విలువను రెండుసార్లు చదివితే ఫంక్షన్ రెండుసార్లు నడుస్తుంది.