అమ్మ పోయిన తర్వాత మా ఇల్లు

గల్ఫ్ కుటుంబాల చరిత్ర అంటే మనవాళ్ళు వీసాతోనే మొదలుపెడతారు. ముందు ఎవరు పోయిండు, ఏ కంపెనీ, ఎంత అప్పు. మా ఇంటి చరిత్ర మాత్రం 1995 వానకాలంలో, అమ్మ కామెర్లతో చనిపోయిన కాడ మొదలైతది. అప్పటికి అక్కకు 13 ఏండ్లు, తమ్ముళ్ళం మాకు 9, 6.

మాది కోరుట్ల దిక్కు పల్లె. ఆ రోజుల్లో మా వాడ ఇండ్లు రెండు సంపాదనల మీద నడిచేవి: మగవాళ్ళ దుబాయి, ఆడవాళ్ళ బీడీలు. దుబాయి పైసలు వచ్చిననాడు వచ్చేవి, అవీ ముందు మిత్తికే పోయేవి. ఉప్పూ పప్పూ బీడీలే తెచ్చేవి.

బాపు అప్పుడు కల్లివెల్లి. కంపెనీ విడిచి బయట పని చేస్తున్నాడు, పాస్‌పోర్టు చేతిలో లేదు. దినాలకు కూడా రాలేకపోయాడు. ఊరికి వస్తున్న ఒకాయన చేత క్యాసెట్ పంపాడు. అందులో సగం ఏడుపే. నాయనమ్మ దాన్ని రెండోసారి పెట్టనియ్యలేదు. 1996లో యూఏఈ ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు ఔట్‌పాస్ మీద ఇల్లు చేరాడు. అప్పటిదాకా ఇల్లు నడిపింది నాయనమ్మ, అక్క.

అక్క ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. ఎవరూ మానమనలేదు అంటారు. కానీ అమ్మ చాట ఖాళీగా ఉండటం అందరికీ కనబడుతూనే ఉంది. రాత్రే తునికాకు తడిపి, పొద్దున అచ్చు పెట్టి కత్తిరించి, తంబాకు నింపి చుట్టి దారం కట్టేది. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలైతే వెయ్యి. అమ్మ రోజుకు వెయ్యి చుట్టేది. అక్కకు మొదట్లో 500 కూడా కష్టమే. బడి నుంచి వచ్చి మేము కొసలు మడిచేవాళ్ళం. కార్ఖానాలో కొన్ని బాగాలేవని పక్కకు తీసేవాళ్ళు. వాటికి కూలి లేదు, అవి తిరిగి ఇచ్చేదీ లేదు!

అసలు సంగతి కార్డు. బీడీ పనికి పీఎఫ్ 1977 నుంచి ఉంది. అమ్మకు కార్డు ఉండేది. నామినీ బాపు కాబట్టి ఆయన వచ్చేదాకా ఆ డబ్బు కదలలేదు, వచ్చినంక వీసా అప్పుకే పోయింది. అక్కకు వయసు లేదని కార్డు ఇవ్వలేదు. పక్కింటి పెద్దమ్మ కార్డు మీద చుట్టింది. కూలి అక్క చేతికి, పీఎఫ్ పెద్దమ్మ పేరు మీదికి. మా వాడలో అది మామూలే. 18 నిండినంక అడిగితే కొత్త కార్డులు ఇస్తలేమన్నారు. మీ ఇండ్లలో బీడీలు చుట్టేవాళ్ళ కార్డు ఎవరి పేరు మీద ఉందో ఒకసారి ఫోన్‌లో అడగండి.

బాపు 1998లో మస్కట్ పోయాడు. ఆయన డ్రాఫ్టులతో పెంకుటిల్లు స్లాబు ఇల్లయింది. మాలో ఒకరి సివిల్ డిప్లొమా, ఇంకొకరి ఐటీఐ మాత్రం బీడీల మీదే నడిచాయి. అవి అయ్యేదాకా అక్క పెండ్లి కూడా ఆగింది.

2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టింది, తర్వాత 2,016 చేసింది. దరఖాస్తులో పీఎఫ్ నంబరు అడిగారు. అక్క ఆ గడి ఖాళీగా వదిలి ఇచ్చి వచ్చింది. భృతి రాలేదు. అత్తగారింట్లో ఇంకా చుడుతూనే ఉంది. మేము ఇక్కడి నుంచి ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి, చేతులు ఆపకుండానే మాట్లాడుతది.