చిన్న ప్రళయము

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీ, సోమవారము. మన పంచాంగము ప్రకారము కీలక నామ సంవత్సర ఆశ్వయుజ శుక్లపక్షము. హైదరాబాదు నగరమున హిందువుల ఇండ్లలో బతుకమ్మ పండుగ సాగుచున్నది. ముస్లిముల ఇండ్లలో రంజాను ఉపవాసములు అప్పుడే ఆరంభమైనవి. ఏటిలో అధికభాగము చాకిరేవులకును, పశువుల దాహమునకును మాత్రమే ఉపయోగపడు మూసీనది ఆనాడు ఊరిమీద పడినది.

ఈ వరదకు కారణము కేవలము వర్షము కాదు. మూసీ పరీవాహక ప్రాంతమున చదరపు మైలునకు ఒకటి చొప్పున 788 చెరువులు ఉండెననియు, వానిలో 221 చెరువులకు గండ్లు పడెననియు తరువాత విచారణ జరిపిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు లెక్క తేల్చిరి. పై చెరువు తెగి క్రింది చెరువులో పడ, అదియును తెగి దాని దిగువదానిమీద పడ, నీరు గోడవలె నగరమును చేరినది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకొనిపోయినవి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టించిన పురానాపూల్ మాత్రము నిలిచినది. మృతుల సంఖ్య సుమారు 15,000 అని సాధారణముగా చెప్పుదురు. అఫ్జల్ పార్కులోని చింతచెట్టు నెక్కి ఇంచుమించు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ ఆవరణయందే తరువాతి కాలమున ఉస్మానియా ఆసుపత్రి వెలసినది.

ఇదంతయు నగరచరిత్రలో పలువురు వ్రాసినదే. నేను చెప్పదలచినది ఆ వరదనుండి ఒంటరిగా బయటపడిన ఒక యువకుని గూర్చి. ఆయన పేరు సయ్యద్ అహ్మద్ హుసేన్. ఉర్దూ సాహిత్యమున అమ్జద్ హైదరాబాదీగా ప్రసిద్ధుడు. పసితనముననే తండ్రిని పోగొట్టుకొని తల్లి పెంపకమున పెరిగెను. నగరములోని జామియా నిజామియాలో ధార్మిక విద్య నభ్యసించెను. ఆ వరద ఆయన తల్లిని, భార్యను, కుమార్తెను ముగ్గురిని తీసికొనిపోయినది. ఆయన మాత్రము మిగిలెను.

ఆ ఘట్టమును గూర్చి అమ్జద్ ఒక దీర్ఘకవిత వ్రాసి దానికి ‘ఖయామతె సుగ్రా’ అని పేరు పెట్టెను. చిన్న ప్రళయము అని అర్థము. తెలియనివారికి ఇది వరదకు కవి తగిలించిన అలంకారమని తోచును. జామియా నిజామియాలో చదివినవాడు ఆ మాటను అంత తేలికగా వాడియుండడు. సుమారు 1100 ప్రాంతమున జీవించిన ఇమాం గజాలీ తన మహాగ్రంథములో సహనమును, కృతజ్ఞతను గూర్చి వ్రాసిన ప్రకరణముననే ఈ శబ్దమును వివరించినాడు. లోకమంతయు అంతరించు దినము పెద్ద ప్రళయము. ఒక్కొక్క మనిషి మరణము అతనికి చిన్న ప్రళయము. అతని భూమి కంపించుట అతని దేహము కంపించుటయే. అతని సూర్యుడు చీకటియగుట అతని హృదయము చీకటియగుటయే. కనుక అమ్జద్ పెట్టిన పేరు ఊరు మునిగినదని మాత్రమే చెప్పుట లేదు. పదునైదు వేల ప్రళయములు ఒక్కదినమున సంభవించినవని చెప్పుచున్నది.

ఇట్టి విపత్తు కలిగినప్పుడు మొదట వినవచ్చునది, ‘ఇది పాపఫలము’ అను మాట. ఏ మతమువారి నోటనైనను అది సిద్ధముగానే ఉండును. ఇస్లాము చరిత్రలో దీనికి సమాధానముగా నిలుచు ఒక సంఘటన ఉన్నది. ప్రవక్త మహమ్మదుకు ఇబ్రాహీమను పసికుమారుడు ఉండెను. 632వ సంవత్సరమున ఆ బిడ్డ మరణించిన దినముననే సూర్యగ్రహణము పట్టినది. ప్రవక్త దుఃఖమునకు ఆకాశముకూడ చీకటియైనదని మదీనా ప్రజలు చెప్పుకొనసాగిరి. శిష్యులు భక్తితో అన్న మాటయే. మరియొకడైనచో దానిని సాగనిచ్చెడివాడు. ఆయన మాత్రము సూర్యచంద్రులకు ఎవరి చావుతోను, ఎవరి పుట్టుకతోను సంబంధము లేదని స్పష్టముగా ప్రకటించెను. తన ఇంటి దుఃఖమునకు ప్రకృతిని సాక్షిగా పిలువ నిరాకరించిన ఆ మాటను తలచినవాడు, మునిగిన వీధిని చూపి అక్కడివారి పాపములను లెక్కించుటకు జంకవలెను.

అంతియే కాదు. నీట మునిగి చనిపోయినవారిని, కూలిన గోడల క్రింద పడి చనిపోయినవారిని ధర్మార్థము ప్రాణములిచ్చిన షహీదులతో సమానముగా ఎంచవలెనని హదీసులు చెప్పుచున్నవి. కోల్సావాడిలో, అఫ్జల్‌గంజ్‌లో గోడలు కూలి, నీట కొట్టుకొనిపోయిన వేలాది కుటుంబములకు ఇది చిన్న ఊరట కాదు. పోయినవారు దండింపబడినవారు కారు, గౌరవింపబడినవారు అను నమ్మకము శేషించినవారిని తలయెత్తుకొని నిలువనిచ్చును.

ఇక మిగిలినవాని సంగతి. అతనికి ఇస్లాము చెప్పు మాట ‘సబ్ర్’. మన తెలుగులో ‘సబూరు’ అను మాట ఈ కుటుంబమునకు చెందినదే. అరబ్బీలో దీని మూలార్థము బిగబట్టుట, కట్టివేయుట. అవే అక్షరములతో వ్రాయు మరియొక మాటకు కలబంద చేదురసము అని అర్థము. మన పచారీ దుకాణములలో దొరకు ముసాంబరము ఆ రసమును ఎండబెట్టినదే. దాని పేరును అరబ్బీనుండి వచ్చినదే. తల్లులు బిడ్డచేత పాలు మాన్పించుటకు రొమ్మునకు రాచుకొను ఆ నల్లని ముద్దకును, ఓర్పునకును ఒకే అక్షరములు అమరుట యాదృచ్ఛికమో కాదో భాషాశాస్త్రజ్ఞులు తేల్తురు గాక! ముస్లిం రచయితలు మాత్రము ఆ పోలికను ఎన్నడును విడువలేదు.

సహనమనగా కన్నీరు పెట్టకుండుట అని పలువురి భావన. ఖురానులోని సహనమూర్తులను చూడుడు. యాకూబు ప్రవక్త కుమారుడైన యూసుఫు కొరకు ఏడ్చి ఏడ్చి కన్నులు తెల్లబడి చూపు పోగొట్టుకొన్నాడు. అయినను ఆయన సహనమునే ఖురాను సుందరమైనదిగా పేర్కొన్నది. తన వ్యథను దైవమునకు మాత్రమే మొరపెట్టుకొందునని ఆయన అనెను. అయ్యూబు ప్రవక్తయు తనకు బాధ కలిగినదని దైవముతో చెప్పుకొని, ఉపశమనమును కోరెను. ప్రవక్త మహమ్మదు ఇబ్రాహీమును ఒడిలో పెట్టుకొని కన్నీరు కార్చగా ఒక సహచరుడు ఆశ్చర్యపడెను. ఇది దయవలన వచ్చినదని ఆయన బదులు చెప్పెను. కనుక మొరపెట్టుకొనుట సహనమునకు విరుద్ధము కాదు. ఆ మొర ఎవరికి అనునదే ప్రశ్న. ఈ దృష్టితో చూచినచో అమ్జద్ విలాపకవిత సహనభంగము కాదు. అదియే ఆయన సహనము.

సహనమునకు పైమెట్టు ‘రిజా’. కలిగినదానియందు మనస్సు సమ్మతించుట అని దాని అర్థము. ఇది సాధనవలన లభించునా, లేక దైవము అనుగ్రహించినప్పుడు మాత్రమే కలుగునా అను విషయమున సూఫీలలో పెద్ద వాదము నడచినది. ఖురాసాను దేశపు గురువులు ఇది మనిషి యత్నించి చేరదగిన స్థానమనిరి. ఇరాకు గురువులు ఇది హృదయమున దిగివచ్చు స్థితియే కాని మనము సంపాదించునది కాదనిరి. 11వ శతాబ్దమున ఖుషైరీ తన గ్రంథములో ఈ రెండు పక్షములను పేర్కొని, ఆరంభము సాధ్యమనియు, అంతము అనుగ్రహమనియు సమన్వయించెను. ఒకేనాడు ముగ్గురిని పోగొట్టుకొన్నవాని యెదుట ఇది ఎండుచర్చగా తోచవచ్చును. నాకు మాత్రము దీనిలో గొప్ప కరుణ కనబడుచున్నది. దుఃఖితుని చూచి ‘నీవింకను సమ్మతింపలేదేమి?’ అని అడుగు హక్కు ఇరాకు గురువుల మాటతో మనకెవ్వరికిని లేకుండ పోయినది.

అమ్జద్ తరువాతి జీవితమున అద్భుతములు లేవు. నిజాం ప్రభుత్వపు అకౌంటెంట్ జనరల్ కార్యాలయములో ఉద్యోగము చేసెను. మరల గృహస్థుడయ్యెను. హజ్ యాత్ర చేసి దాని వృత్తాంతము వ్రాసెను. ‘జమాలె అమ్జద్’ అను పేరున ఆత్మకథ రచించెను. పగలెల్ల జమాఖర్చులు చూచిన ఆ గుమాస్తా రుబాయీలు చెప్పుటలో ఉర్దూలో మేటియై నిలిచెను. రుబాయీకి నాలుగే పాదములు, నియత ఛందస్సు. మొదటి, రెండవ, నాల్గవ పాదములకు అంత్యప్రాస. మన శతకపద్యమువలె అదియును ఒక్క భావమును పట్టి ముగియవలెను. బిగబట్టుట అను సబ్ర్ మూలార్థమునకు ఇంతకంటె తగిన ఛందస్సు వేరొకటి నాకు తోచుట లేదు. వరదయే ఆయనను కవిని చేసినదని కొందరందురు. అది నేనొప్పుకొనను. వరద కాజేసినది కాజేసినది. దానికి కృతజ్ఞత చెప్పవలసిన పని లేదు.

సహనము చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదనుటకు ఆ నగరమే సాక్షి. ఒంటెను కట్టివేసి ఆపై దైవముపై భారము వేయుమని ప్రవక్త ఒక పల్లెవానికి చెప్పినట్లు హదీసు ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాను కాలమున ఆకలిగొన్నవారికి వంటశాలలు తెరచిరి. 1909లో విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. నగరమునకు ఎగువన వరదను నిలువరించు జలాశయములు కట్టవలెనని ఆయన సూచించెను. తదనుసారముగా మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి.

ఆ జలాశయములు రెండును నిండి, నగరమునకు త్రాగునీరు ఇచ్చుచుండగా అమ్జద్ చూచెను. మూసీ ఆయన ఇంటివారిని తీసికొనిపోయిన తరువాత మరి ఏబదిమూడేండ్లు ఆయన ఆ హైదరాబాదులోనే, ఆ నదిని దాటుచునే కాలము గడిపి, 1961లో కన్నుమూసెను.