కరిచే ముందు హెచ్చరించే జీవులు: మన విషాల చరిత్ర



మన గ్రూపులో చరిత్ర అంటే జోడేఘాట్, ఇంద్రవెల్లి, రంప పోరాటాల గురించే ఎక్కువ రాసుకుంటం. అవి రాయాల్సిందే. ఈసారి నేను మాత్రం విషం చరిత్ర రాస్తున్న. నవ్వకుండ్రి. పాము కాటుతో చనిపోయేటోళ్ళలో ఎక్కువమంది పొలాల్లో, అడవుల్లో పనిచేసే మనలాంటోళ్ళే. అదే సమయంలో, ఆ పామును, దాని విషాన్ని అందరికంటే దగ్గరగా తెలిసినోళ్ళల్ల కూడా గిరిజనులే ముందున్నరు. ఈ రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చదివితే ఇది మన చరిత్రే అయితది.

ముందు సముద్రం నుంచి మొదలుపెడత. నీలి వలయాల ఆక్టోపస్ అని ఒక జీవి ఉంది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో, జపాన్ నుంచి ఆస్ట్రేలియా దాకా లోతు తక్కువున్న నీళ్ళల్ల రాళ్ళ సందుల్లో ఉంటది. కాళ్ళతో సహా కొలిచినా జానెడు కంటే పెద్దగా ఉండదు. కానీ దాంట్లో ఉండే విషం ఇరవై మందికి పైగా మనుషుల్ని చంపగలదని లెక్కగట్టిండ్రు. 1954లో ఆస్ట్రేలియాలోని డార్విన్ దగ్గర ఒక యువకుడు సముద్రంల దొరికిన చిన్న ఆక్టోపస్‌ను ఆటగా భుజం మీద పాకనిచ్చిండు. అది కరిచింది. పెద్దగా నొప్పి కూడా లేదు. రెండు గంటల్లోపే ప్రాణం పోయింది. అంత చిన్న జీవి మనిషిని చంపుతదని లోకానికి గట్టిగా తెలిసింది అప్పుడే.

ఆ విషం పేరు టెట్రోడోటాక్సిన్. నరాల నుంచి కండరాలకు పోయే కబురును అది మధ్యలోనే ఆపేస్తది. మనిషికి స్పృహ ఉంటది, కానీ ఊపిరి తీసే కండరాలు కదలవు. దీనికి విరుగుడు మందు ఈ రోజుకీ లేదు. కృత్రిమంగా ఊపిరి అందిస్తూ ఉంటే, విషం ప్రభావం తగ్గినాక మనిషి బతుకుతడు. అంటే బతికించేది మంత్రం కాదు, మందు కూడా కాదు. ఊపిరి ఆగకుండా చూడటమే.

అయితే నన్ను ఆకట్టుకున్నది దాని విషం కంటే దాని పద్ధతి. ఆ ఆక్టోపస్‌కు కరవడం చివరి పని. మొదట రాయి రంగులో కలిసిపోయి దాక్కుంటది. అయినా ఎవరన్నా మీదికొస్తే ఒంటి మీది వలయాలు ఒక్కసారిగా నీలంగా మెరుస్తయి. సెకనులో మూడో వంతు కూడా పట్టదు. "దగ్గరికి రాకు" అని చెప్పడమే అది. ఆ మాట వినకపోతేనే కరుస్తది.

శంషాబాద్‌కు సముద్రం లేదు. కానీ ఈ పద్ధతి మన నేల మీద కూడా ఉంది. మా హాస్టల్ ఉన్న వైపు, విమానాశ్రయం చుట్టూ, ఇంకా మిగిలిన రాళ్ళ గుట్టలు, ఎండిన గడ్డి, తుప్పలు చూడండ్రి. ఇట్లాంటి నేల చిన్న పింజరకు ఇష్టం. కొన్ని ఊర్లల్ల ఇసుక పింజర అని కూడా అంటరు. మామూలుగా అడుగు, అడుగున్నర పొడవు ఉంటది. మట్టి రంగులో మట్టిలా పడుకుంటది. మనిషి దగ్గరికొస్తే ఒంటిని మెలికలు తిప్పి, రంపపు పండ్లలాంటి పొలుసుల్ని ఒకదానికొకటి రుద్దుతది. వేడి పెనం మీద నీళ్ళు చల్లినట్టు చప్పుడు వస్తది. ఆక్టోపస్ రంగుతో చెప్పిన మాటే ఇది చప్పుడుతో చెప్తది. వినకపోతే కాటు వేస్తది. దీని విషం నెత్తురు గడ్డకట్టే గుణాన్ని పాడుచేస్తది. చిగుళ్ళ నుంచి, పాత గాయాల నుంచి కూడా నెత్తురు కారొచ్చు.

ఇంకొకటి కట్లపాము. అది రాత్రిపూట తిరుగుతది. నేల మీద పడుకున్నోళ్ళను కరిస్తే చాలాసార్లు నొప్పి తెలువదు, గాటు కూడా సరిగ్గ కనిపించదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతయి, మాట ముద్దగా వస్తది, తర్వాత ఊపిరి ఆడదు. ఆక్టోపస్ విషం, కట్లపాము విషం వేరువేరే, కానీ చివరికి చేసే పని ఒక్కటే, ఊపిరి ఆపడం. అందుకే కట్లపాము కాటుకు విరుగుడుతో పాటు వెంటిలేటర్ కూడా అవసరం పడొచ్చు.

ఇక చరిత్రలోకి వద్దాం. మన దేశపు పాముల గురించి పద్ధతిగా రాసిన మొదటి పెద్ద పుస్తకం పుట్టింది మన తెలుగు నేల మీదనే. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1781లో తన తమ్మునితో కలిసి విశాఖపట్నం వచ్చిండు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనను ప్రకృతి శాస్త్రవేత్తగా పెట్టుకుంది. ఆయన పాములు తెప్పించుకున్నడు, బొమ్మలు వేయించిండు, కోళ్ళ మీద, కుక్కల మీద విషాన్ని పరీక్షించిండు. ఆ రోజుల్లో పాము కాటుకు తంజావూరు మాత్ర అని చాలా పేరున్న మందు ఉండేది. దాన్నీ పరీక్షించిండు. అది నమ్ముకోదగిన మందు కాదని తేలింది. 1796లో లండన్‌లో ఆయన పుస్తకం అచ్చయింది.

ఆ పుస్తకంలో పాములకు పెట్టిన పేర్లు చూడండ్రి. చాలావరకు మన జనం నోట్లోని పేర్లే, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నడు. రక్తపింజరకు రాసిన పేరు "కాటుక రేకుల పొడ". కాటుక అంచున్న రేకుల్లాంటి మచ్చల పాము అన్నమాట. ఎంత చక్కగా చూసి పెట్టిన పేరో! చిన్న పింజరకు "హొరట్ట పాము" అని రాసిండు. పసుపు పట్టీలున్న కట్లపాముకు "బంగారు పాము" అని రాసిండు. తర్వాత యూరప్ శాస్త్రవేత్తలు కట్లపాముల జాతి మొత్తానికి బంగారస్ అని పేరు పెట్టిండ్రు. ఇప్పటికీ ప్రపంచంలో ఏ దేశంలో జంతుశాస్త్రం చదివినా కట్లపాము దగ్గర మన "బంగారు" అనే మాటనే రాస్తరు.

మరి రక్తపింజరకు ఏమైంది? దానికి ఇంగ్లిష్‌లో రస్సెల్ పేరే స్థిరపడ్డది. కాటుక రేకుల పొడ అని పేరు పెట్టినోళ్ళ పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. రస్సెల్ కష్టాన్ని నేను తక్కువ చేస్తలేను. పామును పట్టుకొచ్చినోని చెయ్యి, పేరు చెప్పినోని నోరు లేకుంటే ఆ పుస్తకం లేదు అంటున్న, అంతే.

విరుగుడు కథ దాదాపు వందేళ్ళ తర్వాత మొదలైంది. 1894లో ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ కాల్మెట్ నాగుపాము విషానికి విరుగుడు సీరం తయారుచేసిండు. పద్ధతి ఇదీ: గుర్రానికి చాలా తక్కువ మోతాదులో విషం ఎక్కిస్తరు, మెల్లమెల్లగా పెంచుతరు. గుర్రం ఒంట్లో ఆ విషాన్ని పట్టి ఆపే పదార్థాలు తయారైతయి. దాని నెత్తురు కొంత తీసి, ఆ పదార్థాలను వేరుచేసి మందుగా వాడుతరు. ఈ ఒక్క సీరం అన్ని పాములకూ పనిచేస్తదని కాల్మెట్ అనుకున్నడు. కానీ మన దేశంలో పనిచేసిన జార్జ్ లాంబ్ లాంటి వైద్యులు 1900 తర్వాత చేసిన పరీక్షల్లో అట్ల కాదని తేలింది. ఏ పాము విషానికి ఆ పాము విరుగుడే కావాలి. అందుకే ఇప్పుడు మన దేశంలో వాడే మందును నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషాలతో కలిపి తయారుచేస్తరు.

అయితే ఆ విషం ఎవరు తీస్తరు? ఇక్కడ ఇరుల గిరిజనులు వస్తరు. తమిళనాడులో వాళ్ళు తరతరాలుగా పాములు పట్టేటోళ్ళు. ఒకప్పుడు తోళ్ళ వ్యాపారులకు పాములు అమ్మి బతికిండ్రు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది, 1976లో పాము తోళ్ళ ఎగుమతి ఆగింది. ఒక్క దెబ్బతో వాళ్ళ బతుకుదెరువు నేరమైంది. మన అడవి హక్కుల సంగతి తెలిసినోళ్ళకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు. 1978లో చెన్నై దగ్గర వడనెమ్మేలిలో రోములస్ విటేకర్ తోడ్పాటుతో ఇరుల పాములు పట్టేవారి సహకార సంఘం పుట్టింది. పామును చంపకుండా పట్టుకొస్తరు, కొన్ని వారాలు ఉంచుకుని విషం తీస్తరు, గుర్తు పెట్టి మళ్ళీ వదిలేస్తరు. దేశంలో విరుగుడు మందు కంపెనీలకు కావలసిన విషంలో ఎక్కువ భాగం ఏండ్ల తరబడి ఈ సంఘం నుంచే పోయింది. అదే 1978లోనే ఆక్టోపస్ విషం టెట్రోడోటాక్సినే అని శాస్త్రవేత్తలు తేల్చడం కూడా ఒక ముచ్చట.

2017లో ఇరుల పెద్దలు మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్ అమెరికాలోని ఫ్లోరిడాకు పోయి అక్కడ పెరిగిపోయిన కొండచిలువలను పట్టి చూపించిండ్రు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. మన తెలుగు నేలలో యానాదులకు కూడా ఇట్లాంటి తెలివి ఉంది. నెల్లూరు వైపు పాము జాడ చూసి పుట్ట చెప్పగలిగే యానాది పెద్దలుంటరని అంటరు. ఆ తెలివికి ఒక సంఘం, ఒక జీతం, ఒక గౌరవం దొరికితే ఏమైతదో ఇరుల సంఘం చూపించింది.

ఇప్పుడు మళ్ళీ శంషాబాద్ రండ్రి. ఇక్కడి నుంచి జాతీయ రహదారి పట్టుకుని షాద్‌నగర్ వైపు పోతే కొత్తూరు మండలం వస్తది. అక్కడ తిమ్మాపూర్‌లో విన్స్ బయోప్రొడక్ట్స్ వాళ్ళ కర్మాగారం ఉంది. పాము విరుగుడు మందు తయారుచేసే మన దేశపు కొద్ది కంపెనీల్లో అదొకటి. ఆఫ్రికా పాములకు కూడా అక్కడ మందు తయారైతది. హైదరాబాద్ వైపు పోతే అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ ప్రయోగశాల ఉంది. పాము విషాల మీద కూడా అక్కడ పరిశోధన జరుగుతది. ఒకే జాతి పామైనా ప్రాంతాన్ని బట్టి విషం మారుతదని, ఒకచోటి విషంతో చేసిన మందు అన్ని చోట్లా ఒకే తీరు పనిచేయకపోవచ్చని ఇప్పుడు శాస్త్రవేత్తలు గట్టిగా చెప్తున్నరు. అంటే ఇరుల సంఘం లాంటివి ఒక్కచోట ఉంటే చాలదు.

2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. దాదాపు 5,500 ఎకరాలు. లోకమంతా ఇక్కడికి కొన్ని గంటల్లో వచ్చి దిగుతది. కానీ మా తండా నుంచి ఆసుపత్రికి పోవడానికి ఇప్పటికీ కొన్ని గంటలే పడుతది. నా చిన్నతనంలో మా మేనత్తను రాత్రి నిద్రలో కట్లపాము కరిచింది. కడుపునొప్పి అనుకున్నరు. తర్వాత మంత్రగాని దగ్గరికి తీసుకుపోయిండ్రు. కండ్లు మూతపడుతుంటే ఆటో మాట్లాడిండ్రు. దారిలోనే పోయింది. మా యాడి ఇప్పటికీ "దానికి అంతే రాసి ఉంది" అంటది. నేను జంతుశాస్త్రం చదువుతున్న కాబట్టి చెప్తున్న, అది రాత కాదు, టైము. ఆ టైము ఎవరి దగ్గర ఉంది, ఎవరి దగ్గర లేదు అన్నదే చరిత్ర.

2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయిండ్రు. ఏడాదికి 58 వేల మంది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాము కాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. 2024లో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 2030 కల్లా మరణాలు సగానికి తగ్గించాలన్నది లక్ష్యం.

మంత్రం గురించి ఒక మాట. పెద్దలను ఎక్కిరించొద్దు. మంత్రంతో బతికిన్రు అంటే అందులో అబద్ధం ఉండకపోవచ్చు. ఎందుకంటే మన దగ్గరి పాముల్లో ఎక్కువ వాటికి ప్రాణం తీసే విషం లేదు. విషమున్న పాము కూడా చాలాసార్లు విషం వదలకుండానే కరుస్తది. ఆక్టోపస్ లాగానే దానికీ విషం విలువైనది, ఊరికే ఖర్చు చేయదు. అట్ల బతికినోళ్ళ పేరు మంత్రానికి పోతది. నిజంగా విషం ఎక్కినోళ్ళు మాత్రం మంత్రం దగ్గర టైము పోగొట్టుకుంటరు. పాములను గుర్తుపట్టే తెలివి, జాడ చూసే తెలివి మన పెద్దల నిజమైన ఆస్తి. అది దాచుకుందాం. చికిత్స మాత్రం ఆసుపత్రిలో చేయించుకుందాం.

కరిస్తే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. కరిచిన కాలినో చేతినో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి వెంటనే తీసుకుపోవాలి. విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఇంట్లో మంచం లేకపోతే కనీసం దోమతెర అంచులు చాప కిందికి మడిచి పడుకోవాలి. రాత్రి బయటికి పోతే టార్చ్ కావాలి.

చివరికి రెండు పనులు అడుగుతున్న. ఒకటి, ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ దగ్గరి పీహెచ్‌సీకి పోయి పాము విరుగుడు మందు ఎన్ని సీసాలు ఉందో అడగండ్రి. ఒక్క మనిషికి మొదటి మోతాదే 8 నుంచి 10 సీసాలు పడుతది. రెండు సీసాలు పెట్టుకుని "ఉంది" అంటే అది లేనట్టే. తక్కువుంటే పది మంది సంతకాలతో అర్జీ ఇద్దాం, నమూనా నేను రాసిస్త.

రెండోది, మీ ఊరి పెద్దలను కూర్చోబెట్టి లంబాడీ, కోయ, గోండి, చెంచు, ఎరుకల, ఏ మాటల్లోనైనా పాముల పేర్లు అడిగి రాసుకోండ్రి. పేరు, దాని అర్థం, ఆ పాము ఎట్లుంటది, కరిచే ముందు ఎట్ల హెచ్చరిస్తది, చెప్పిన పెద్దమనిషి పేరు. రస్సెల్ పుస్తకంలో చెప్పినోళ్ళ పేర్లు లేవు. మనం రాసుకునే దాంట్లో వాళ్ళ పేరే ముందు ఉండాలి.