వేగమునకు పగ్గము

మోటారు కారు చరిత్ర వ్రాయువారు తరచుగా ఇంజను చరిత్రనే వ్రాయుదురు. ఏ సంవత్సరమున ఏ కారు గంటకెన్ని మైళ్ల వేగమందుకొన్నదో పట్టికలు వేసి చూపుదురు. ఆ వేగమునుండి మరల నిశ్చలస్థితికి వచ్చుటకు మనుష్యుడు పడిన పాట్లను చెప్పువారు తక్కువ. పరుగెత్తు గుర్రమును మెచ్చుకొనువారు పదిమంది యుందురు. కళ్లెము చేసినవాని పేరడుగువాడు ఒక్కడును ఉండడు. ఈ ప్రసంగమున మనము కళ్లెము కథనే చెప్పుకొందము. అందును ధనికుల పందెపు కార్ల కథ మనకు ప్రధానము కాదు. సామాన్యుడు కొనగలిగిన మినీ అను చిన్న కారును వేగముగా నడుపగోరినవారు, స్వల్పవ్యయముతో దానిని ఆపు శక్తిని ఎట్లు పెంచుకొనిరో అదియే మనకు ముఖ్యము.

బ్రేకు చేయు పని యేమి? అది చక్రమును పట్టుకొని ఆపునని అందరు అనుకొందురు. శాస్త్రదృష్టితో చూచినచో అది గతిశక్తిని ఉష్ణముగా మార్చు సాధనము. డ్రైవరుతో కూడ 700 కిలోగ్రాముల బరువుగల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు దానియందు సుమారు 270 కిలోజౌళ్ల శక్తి యుండును. 30 డిగ్రీల వేడిగల నీటిని 900 గ్రాముల వరకు మరుగు స్థితికి తెచ్చుటకు ఆ శక్తి చాలును. కారు నాలుగైదు సెకండ్లలో ఆగినచో ఆ వేడిలో అధికభాగము ఆ కొద్దికాలములోనే బ్రేకుల లోహముపై పడును. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగును.

ఒక్కసారి గట్టిగా ఆపుట బాగుగానున్న ఏ బ్రేకుకైనను సాధ్యమే. వరుసగా పదవసారి కూడ మొదటిసారివలె ఆపగలదా అన్నదే అసలు పరీక్ష. తిరుమల కొండ దిగు బస్సు డ్రైవరు ఎల్లప్పుడు కాలు బ్రేకుమీదనే ఉంచక, చిన్న గేరు వేసి ఇంజనుచేతనే బండిని నిగ్రహించుట ఈ కారణముచేతనే.

ఈ పరీక్షలో నెగ్గుటకు మార్గము చూపినవారిలో హెర్బర్టు ఫ్రూడు ఒకడు. 1897 ప్రాంతమున ఇంగ్లండులోని డర్బీషైరు కొండసీమలో బండివాండ్రు పల్లము దిగునప్పుడు కొయ్య బ్రేకు దిమ్మెలకు పాత బూట్లు తగిలించుట చూచి, అతడు మేలైన బ్రేకు దిమ్మెలు చేయ మొదలిడెనని చెప్పుదురు. తన యింటిపేరులోని అక్షరములను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్తు పేరులోని మొదటి అక్షరమును చేర్చి, తన సరకునకు ‘ఫెరోడో’ అని నామకరణము చేసెను. ఆ పాత బూటులో ఒక పాఠమున్నది: యంత్రమంతయు మార్చకపోయినను, రాచుకొను పదార్థమును మార్చినచో బ్రేకు బాగుపడును.

ఆ తరువాత అర్ధశతాబ్దము కార్లలో సాధారణముగా ఉన్నవి డ్రమ్ము బ్రేకులు. చక్రముతోపాటు తిరుగు లోహపు డ్రమ్ము లోపల వంపుగల రెండు షూలుండును. పెడలు త్రొక్కగానే అవి విచ్చుకొని డ్రమ్మును ఒరయును. పుట్టిన వేడి బయటికి త్వరగా పోలేదు. డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమగును. లైనింగు వేడెక్కి పట్టు తప్పును. పెడలు క్రిందికి దిగుచుండును, కారు మాత్రము ఆగదు. బ్రేకు ‘ఫేడు’ అయినదని మెకానిక్కులు చెప్పునది ఈ స్థితినే.

దీనికి విరుగుడు డిస్కు బ్రేకు. బయట గాలిలో తిరుగు లోహపు బిళ్లను ఇరువైపులనుండి రెండు ప్యాడ్లు నొక్కిపట్టును. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు 1902లోనే దీనికి పేటెంటు పొందెను. కాని ఆ ఊహ లోకప్రసిద్ధమగుటకు ఏబదియేండ్లు పట్టినది. జాగ్వారు సంస్థ పరీక్షకుడు నార్మన్ డ్యూయిస్, డన్లపు ఇంజనీర్లు కలిసి శ్రమించి దానిని పందెమునకు సిద్ధపరచిరి. 1953లో ఫ్రాన్సు దేశమందలి లెమాన్సు 24 గంటల పందెమున ఆ బ్రేకులుగల జాగ్వారు సి-టైపు కారుతో టోనీ రోల్టు, డంకన్ హామిల్టను గెలుపొందిరి. ఆ పందెమున విజేత సగటు వేగము గంటకు 100 మైళ్లు దాటుట అదియే ప్రథమము.

రెండేండ్లకు అక్కడనే ఘోరము జరిగినది. 1955 జూన్ 11న డిస్కు బ్రేకులుగల జాగ్వారును నడుపుచున్న మైక్ హాథార్ను విడిదిలో ఆగుటకై వేగము తగ్గించెను. వెనుకనున్న లాన్స్ మాక్లిను తన కారును ప్రక్కకు తిప్పెను. ఆ వెనుక మహావేగమున వచ్చుచున్న పియర్ లెవే మెర్సిడెసు దానిని తాకి ప్రేక్షకుల మీదికి ఎగిరిపడెను. లెవేతో కూడ 80 మందికి పైగా మరణించిరి. మెర్సిడెసుకున్నవి డ్రమ్ము బ్రేకులు. వాటికి తోడుగా గాలిని అడ్డగించు పెద్ద రేకు నొకదానిని అమర్చియుండిరి. విచారణలో ఏ డ్రైవరును దోషిగా నిర్ణయింపలేదు. దారి యిరుకుగా నుండుటయు ఒక కారణమే. అయినను మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. బాటమీద మన బ్రేకు మనకు ఎంత ముఖ్యమో, మన వెనుక వచ్చువాని బ్రేకు కూడ మన ప్రాణమునకు అంత ముఖ్యము.

పందెపు కార్ల ఈ విద్య సామాన్యుని కారునకు ఎట్లు దిగివచ్చెనో ఇక చూతము. 1959 ఆగస్టు 26న బ్రిటిషు మోటారు కార్పొరేషను వారు మినీని విడుదల చేసిరి. దాని రూపశిల్పి అలెక్ ఇసిగోనిస్. పొడవు 10 అడుగులు, ఇంజను 848 సి.సి., బలము 34 గుర్రములు. లోపల స్థలము మిగుల్చుటకై చక్రములను 10 అంగుళములకు కుదించిరి. బ్రేకులు 7 అంగుళముల డ్రమ్ములు. ఆ కారు మలుపులలో చూపిన నేర్పు పందెపు కార్ల నిర్మాత జాన్ కూపరును ఆకర్షించినది. 1961లో 997 సి.సి. ఇంజను, 55 గుర్రముల బలముగల మినీ కూపరు వెలువడెను. దాని ముందు చక్రములకు డిస్కులు పెట్టిరి. చిన్న చక్రములో పెద్ద బిళ్ల యిముడదు గనుక అవియు 7 అంగుళములే. గట్టిగా నడుపువారికి అవి చాలకపోయెను. 1963లో వచ్చిన కూపరు ఎస్ కారుకు 7.5 అంగుళముల మందమైన బిళ్లలను, పాదశ్రమ తగ్గించు సర్వోను అమర్చిరి. ఆ కారుతోనే 1964లో పాడీ హాప్‌కిర్కు, హెన్రీ లిడన్ మాంటికార్లో ర్యాలీ గెలిచిరి. చూచుటకు భేదము అర అంగుళము మాత్రమే. కాని ఆ అర అంగుళముతో బిళ్లకు వేడిని భరించు లోహమును, చక్రమును పట్టు బలమును కూడ పెరిగినవి.

మామూలు మినీ కొన్న యువకునికి కూపరు ఎస్ కొను స్తోమత లేదు. అయినను ఇంజనుకు బలము చేర్చుకొనుట అతనికి సులభమే. చిక్కంతయు ఆపుటలోనున్నది. ఇచ్చట ఫ్రూడు మార్గమే మొదటి దారియైనది. ఎక్కువ వేడికి ఓర్చు లైనింగులను, ప్యాడ్లను కొని వేయుట అన్నిటికన్న చౌక. అట్టివి చల్లగానున్నప్పుడు కొంత మందముగా పట్టును గనుక, ఊరిలో తిరుగువాడు మరీ కఠినమైన వానిని ఎన్నుకొనరాదు. 1964లో తయారీదారులే ముందు డ్రమ్ములలో రెండు షూలును తిరుగుడు వలన మరింత ఒత్తుకొనునట్లు మార్చిరి. వెనుక చక్రములకు రెక్కలుగల అల్యూమినియము డ్రమ్ములు బిగించి వేడిని గాలికి వదలినవారు కొందరు.

అంతకంటెను చౌకయైనది బ్రేకు ఆయిలు మార్చుట. ఇది గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 ప్రమాణము ప్రకారము క్రొత్త ఆయిలు కనీసము 230 డిగ్రీల వరకు మరుగరాదు. నీరు చేరినపిదప ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. ఆయిలు మరిగినచో గొట్టములలో ఆవిరి పుట్టును. ఆవిరి నొక్కుకొనిపోవును గనుక పెడలు నేలకంటినను కారు ఆగదు. సర్వో తగిలించినవారు తమ బ్రేకు శక్తి పెరిగినదని మురిసిపోవుట కలదు. అది కాలికి సుఖమిచ్చును గాని, వేడిని మ్రింగు శక్తిని ఒక్క పిసరైనను పెంచదు.

తరువాతి తరమువారికి పాత సామాను అంగడి తోడ్పడినది. 1980లో వచ్చిన ఆస్టిను మెట్రో కారుకు 8.4 అంగుళముల డిస్కులు, నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు ఉండెడివి. 1984లో మినీకి 12 అంగుళముల చక్రములు, 8.4 అంగుళముల డిస్కులు వచ్చినవి. ఉత్సాహవంతులు తుక్కు క్రింద పోవు మెట్రోల క్యాలిపర్లను తెచ్చి, క్రొత్త రబ్బరు సీళ్లు వేసి, 12 అంగుళముల చక్రములు గల తమ మినీలకు బిగించుకొనిరి. 2000లో మినీ ఉత్పత్తి ముగిసిన తరువాతను ఆ పద్ధతి నిలిచియున్నది.

ఇందు రెండు జాగ్రత్తలు కలవు. ఆగునప్పుడు బరువు ముందు చక్రములపైకి మ్రొగ్గును. వెనుక బ్రేకులు మితిమీరినచో ఆ చక్రములు ముందుగా బిగిసిపోయి కారు గిర్రున తిరుగును. అందుచేతనే మినీలో వెనుకకు పోవు ఒత్తిడిని అదుపుచేయు కవాటము నుంచిరి. ముందును వెనుకను సరిచూడక మార్పు చేయరాదు. రెండవది ఆస్బెస్టాసు. వేడికి ఓర్చునని లైనింగులలో దశాబ్దముల తరబడి వాడిన ఆ ఖనిజపు ధూళి ఊపిరితిత్తులలో చేరి కాన్సరు కలిగించును. బ్రిటను 1999లో దానిని పూర్తిగా నిషేధించినది. పాత కారు డ్రమ్ము విప్పువాడు ఆ ధూళిని నోటితో గాని, గాలి పంపుతో గాని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. పరుల ప్రాణము కాపాడు పనిలో తన ప్రాణమును పోగొట్టుకొనరాదు గదా.

కావున అల్పధనునికి క్రమమిది: మొదట మంచి టైర్లు, ఏలయన భూమిని పట్టునవి అవియే, పిదప క్రొత్త ఆయిలు, తగిన లైనింగు, గాలి తగులు ఏర్పాటు, అన్నిటికి చివర పెద్ద డిస్కు. ఇంజనుకు బలము చేర్చు ఆలోచన ఈ పనులన్నియు ముగిసిన తరువాతనే.