నోటరీ ముద్ర ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు: రైతులు తెలుసుకోవలసిన విషయాలు

కౌలు ఒప్పందం, భూమి కొనుగోలు, అన్నదమ్ముల పంపకాలు, పాసుపుస్తకం పోవడం... ఇలా ఏ అవసరం వచ్చినా మన గ్రామాల్లో ముందు వినిపించే మాట ఒకటే: "వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ చేయిద్దాం." కొన్ని పనులకు అది సరిపోతుంది. కొన్నింటికి అసలు అవసరమే లేదు. మరికొన్నింటిలో ఆ ముద్రనే నమ్ముకుంటే భూమీ పోతుంది, పంట డబ్బూ పోతుంది. పంటకు తెగులు ఏదో తెలియకుండా మందు కొట్టకూడదన్నట్టే, పని ఏదో తెలియకుండా కాగితం రాయించుకోకూడదు. ఏ పనికి ఏ కార్యాలయానికి వెళ్లాలో, నోటరీ పని ఎంతవరకో ఇక్కడ చూద్దాం.

నోటరీ చేసే పని ఏమిటి?

1952 నాటి నోటరీల చట్టం కింద ప్రభుత్వం నియమించిన న్యాయవాదులే సాధారణంగా నోటరీలుగా ఉంటారు. ఒకసారి ఇచ్చిన అనుమతి పత్రం 5 సంవత్సరాలు అమల్లో ఉంటుంది, తర్వాత పునరుద్ధరించుకోవాలి. ఫలానా వ్యక్తి నా ఎదుటకు వచ్చాడు, గుర్తింపు చూపాడు, ఈ కాగితం మీద నా ముందు సంతకం చేశాడు అని ధ్రువీకరించడమే నోటరీ ప్రధానమైన పని. అఫిడవిట్ మీద ప్రమాణం చేయించడం, అసలు కాగితాన్ని చూసి నకలు సరైనదేనని ధ్రువీకరించడం కూడా చేస్తారు.

ఆ భూమి నిజంగా అమ్మేవాడిదేనా, దాని మీద అప్పు ఉందా, అది ప్రభుత్వ భూమా అన్నది నోటరీ విచారించరు. విచారించే అధికారం కూడా ఆయనకు లేదు. సంతకం ఎవరిదో ముద్ర చెబుతుంది. హక్కు ఎవరిదో చెప్పదు. ఈ ఒక్క తేడా తెలియకే రైతులు ఎక్కువగా నష్టపోతున్నారు.

భూమి కొనుగోలుకు నోటరీ సరిపోదు

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలి. ఈ రోజుల్లో 100 రూపాయల్లోపు సెంటు భూమి ఎక్కడా రాదు. కాబట్టి నోటరీ చేసిన క్రయ పత్రంతో ఏ పొలమూ కొన్నవారి పేరు మీదకు రాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే జీపీఏ, రాయించుకుని భూమి కొన్నామనుకోవడం కూడా చెల్లదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది.

అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకోవడం వేరే విషయం. అది "అమ్ముతాను, కొంటాను" అన్న మాటకు రుజువు. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, పొలం స్వాధీనం కూడా ఇచ్చేస్తూ రాసుకునే అగ్రిమెంటు మీ స్వాధీనానికి రక్షణగా నిలవాలంటే 2001 సవరణ తర్వాత దాన్ని రిజిస్టరు చేయించాలి. రెండు, అమ్మేవాడు మాట తప్పితే కోర్టుకు వెళ్లే గడువు 3 సంవత్సరాలే. అగ్రిమెంటులో రిజిస్ట్రేషన్‌కు తేదీ పెట్టుకుంటే ఆ తేదీ నుంచి, పెట్టుకోకపోతే అవతలివారు నిరాకరించిన సంగతి తెలిసినప్పటి నుంచి లెక్క.

అసైన్డు భూముల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నిరుపేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఈ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. సబ్‌రిజిస్ట్రారు రిజిస్టరు చేయరు కాబట్టే వీటిని నోటరీ కాగితం మీద అమ్ముతుంటారు. ధర తక్కువ అని ఆశపడితే, అధికారులు భూమిని వెనక్కి తీసుకున్న రోజున కొన్నవారికి డబ్బు కూడా తిరిగి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు దారి చూపినా, సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నంతకాలం రిజిస్ట్రేషన్ జరగదు. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే ఇవి చూసుకోండి:

• 1-బి, అడంగల్‌లో, తెలంగాణలో అయితే భూభారతిలో అమ్మేవారి పేరు, విస్తీర్ణం
• ఈసీలో పాత అమ్మకాలు, తాకట్లు
• సర్వే నంబరు 22-ఏ జాబితాలో ఉందా, లేదా
• పొలంలో నిజంగా సాగు చేస్తున్నది ఎవరు

ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో జరుగుతుంది. తెలంగాణలో వ్యవసాయ భూములకు 2020 నవంబరు నుంచి తహశీల్దారు కార్యాలయంలోనే, ముందుగా స్లాటు తీసుకుని చేయించుకోవాలి. సాదాబైనామా, అంటే తెల్లకాగితం మీద కొన్న భూముల క్రమబద్ధీకరణకు తెలంగాణ భూభారతి చట్టం అవకాశం ఇచ్చింది. అది 2014 జూన్ 2కు ముందు కొని, 2020లో దరఖాస్తు చేసుకున్న చిన్న, సన్నకారు రైతులకే. ఇప్పుడు కొత్తగా తెల్లకాగితం మీద కొనేవారికి ఆ దారి లేదు.

కౌలు రైతులకు: ఒప్పందం వేరు, కార్డు వేరు

కౌలు ఎంత, ఎన్ని బస్తాలు, ఎప్పుడు చెల్లించాలి అన్నవి కాగితం మీద పెట్టుకోవడం మంచిదే. తగాదా వస్తే అది ఆధారం. కానీ నోటరీ ఒప్పందం చేతిలో ఉంటే ప్రభుత్వ పథకాలన్నీ వస్తాయని చాలామంది కౌలు రైతులు నమ్ముతున్నారు. అలా రావు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల కాలానికి పంట సాగుదారు హక్కు కార్డు ఇస్తారు. దీన్నే సీసీఆర్‌సీ అంటున్నాం. గ్రామ సచివాలయంలో దరఖాస్తు చేసి, నిర్ణీత నమూనాలో యజమాని, సాగుదారు ఇద్దరూ సంతకం చేయాలి. దీనికి నోటరీ అవసరం లేదు. పంట రుణం, పంటల బీమా, పంట నష్ట పరిహారం కౌలు రైతుకు అందడానికి ఈ కార్డు, ఈ-పంటలో నమోదు రెండూ ముఖ్యం.

తుపాను వచ్చి వరి నేలకొరిగిందనుకోండి. నష్టం అంచనా వేసే సిబ్బంది చూసేది ఈ-పంటలో ఉన్న పేరు. అక్కడ యజమాని పేరు ఉంటే పెట్టుబడి రాయితీ యజమాని ఖాతాకే జమవుతుంది. పెట్టుబడి పెట్టినవాడు, అప్పు తెచ్చినవాడు నోటరీ కాగితం పట్టుకుని మండల కార్యాలయం చుట్టూ తిరుగుతాడు. ధాన్యం కొనుగోలు కేంద్రంలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. అందుకే విత్తిన వెంటనే రైతు సేవా కేంద్రంలో ఈ-పంట వివరాలు సరిచూసుకుని, మీ ఈ-కేవైసీ పూర్తి చేసుకోండి.

యజమానులు సంతకానికి వెనుకాడటానికి కారణం భయం. పాత కౌలుదారీ చట్టాల్లో కౌలుదారుకు ఉన్న రక్షణలు చూసి, సంతకం పెడితే భూమి పోతుందనుకుంటారు. 2019 చట్టం కింద వచ్చే హక్కు పంట మీదే. భూమి మీద ఏ హక్కూ రాదు. 11 నెలలు గడిస్తే కార్డు కాలం తీరిపోతుంది. ఈ మాట యజమానికి నేరుగా చెప్పడం కష్టమైతే గ్రామ వ్యవసాయ సహాయకుడినో, రెవెన్యూ అధికారినో వెంటబెట్టుకుని వెళ్లండి. అధికారి నోట వింటే చాలామంది ఒప్పుకుంటారు.

కార్డు దొరకని కౌలు రైతులు 4 నుంచి 10 మంది కలిసి ఉమ్మడి బాధ్యతా సంఘంగా ఏర్పడి, తాకట్టు లేకుండా బ్యాంకు రుణం అడగవచ్చు. వీటినే జేఎల్‌జీలు అంటారు. తెలంగాణ రైతులు 2011 చట్టం కింద రుణ అర్హత కార్డు గురించి తహశీల్దారు కార్యాలయంలో, బీమా నమోదు గురించి మండల వ్యవసాయ అధికారి దగ్గర అడిగి తెలుసుకోండి.

ఇంట్లో పట్టాదారు చనిపోతే

మొదటి కాగితం మరణ ధ్రువీకరణ పత్రం. మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదవుతుంది. పట్టణంలోని ఆసుపత్రిలో చనిపోతే ఆ పట్టణ మున్సిపాలిటీలో, ఊళ్లో చనిపోతే పంచాయతీలో. ఇది తెలియక సొంత పంచాయతీ చుట్టూ నెలలు తిరిగేవారున్నారు. 21 రోజుల్లో నమోదు చేయిస్తే ఆలస్య రుసుము ఉండదు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 30 రోజులు దాటి ఏడాదిలోపు వచ్చే దరఖాస్తులకు గతంలో నోటరీ అఫిడవిట్ అడిగేవారు. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, మీరే సంతకం చేసి ధ్రువీకరించిన పత్రం సరిపోతుంది.

రెండోది కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. మీసేవలో గానీ, సచివాలయంలో గానీ దరఖాస్తు చేస్తే తహశీల్దారు విచారణ చేయించి ఇస్తారు. ఇందులో పెళ్లయిన ఆడపిల్లల పేర్లు వదిలేయకండి. దాచిన పేరు తర్వాత కోర్టు కేసుగా తిరిగి వస్తుంది. ఆ పైన రెవెన్యూ రికార్డుల్లో వారసుల పేర్లు ఎక్కించమని దరఖాస్తు చేయాలి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పొలం పంచుకుంటే భాగపరిష్కార దస్తావేజు రాసుకుని రిజిస్టరు చేయించుకోవాలి. నోటరీ కాగితం మీద పంచుకుని ఇరవై ఏళ్లు సాగు చేసుకున్నా, రికార్డులో ఉమ్మడి ఖాతాగానే ఉంటుంది. అప్పు కావాలన్నా, అమ్మాలన్నా అందరి సంతకాలూ కావాల్సి వస్తుంది. ఇంట్లో అందరూ సఖ్యంగా ఉన్నప్పుడే ఈ పని ముగించుకోండి.

దూరాన ఉన్నవారి తరఫున జీపీఏ

పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండి ఊళ్లో పొలం వ్యవహారం తండ్రికో, బాబాయికో అప్పగించడం ఇప్పుడు మామూలే. వారి బదులు దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలంటే, భారతదేశంలో ఉంటున్నవారి పవర్ ఆఫ్ అటార్నీని వారు నివసించే ప్రాంత సబ్‌రిజిస్ట్రారు ధ్రువీకరించాలి. స్థానిక నోటరీ ముద్ర దీనికి చాలదు. విదేశాల్లో ఉన్నవారైతే అక్కడి భారత కాన్సులేటులో గానీ, అక్కడి నోటరీ ముందు గానీ సంతకం చేసి పంపవచ్చు. ఆ పత్రం భారతదేశం చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించాలి. కొరియరు కవరు మీద తేదీ ఉంటుంది, దాన్ని పారేయకండి.

నోటరీ ఎక్కడ పనికొస్తుంది?

• పాసుపుస్తకం పోయినప్పుడు పోలీసు ఫిర్యాదు నకలుతో పాటు కార్యాలయం అడిగే అఫిడవిట్
• పాసుపుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉన్నప్పుడు ఇద్దరూ ఒకరేనని చెప్పే అఫిడవిట్
• బ్యాంకు లేదా బీమా సంస్థ అడిగే పూచీ పత్రం
• యంత్రాల అద్దె, బోరు నీటి వాటా, పంట కొనుగోలు వంటి ఒప్పందాలకు అదనపు రుజువు

ప్రామిసరీ నోటుకు నోటరీ అక్కర్లేదు. రెవెన్యూ స్టాంపు, సంతకం, తేదీ ఉంటే చాలు. దాని మీద దావా వేసే గడువు కూడా మామూలుగా 3 సంవత్సరాలే. ఏ కార్యాలయమైనా అఫిడవిట్ అడిగితే, స్వీయ ధ్రువీకరణ సరిపోతుందేమో ముందు కనుక్కోండి. చాలా దరఖాస్తులకు ఇప్పుడు అదే చాలు.

నోటరీ దగ్గర పాటించవలసిన జాగ్రత్తలు

1. సంతకం చేసేవారు స్వయంగా వెళ్లాలి. ముందే సంతకం చేసిన కాగితం మధ్యవర్తి చేత పంపించకండి.
2. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం గానీ, వేలిముద్ర గానీ వేయవద్దు. అప్పు ఇచ్చేవారు అడిగినా సరే.
3. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివించుకుని, సర్వే నంబరు, విస్తీర్ణం, రూపాయల అంకె, తేదీ అర్థమయ్యాకే సంతకం చేయండి.
4. నోటరీ రిజిస్టరులోనూ సంతకం చేయాలి. వరుస సంఖ్య, నోటరీ పేరు, నమోదు సంఖ్య, ముద్ర కాగితం మీద ఉన్నాయో లేదో చూసుకోండి.
5. వెనకటి తేదీ వేయించవద్దు. స్టాంపు అమ్మిన తేదీ, రిజిస్టరు వరుస సంఖ్య అబద్ధాన్ని ఇట్టే బయటపెడతాయి.
6. ఆరు నెలలు దాటిన స్టాంపు కాగితం పనికిరాదన్నది అపోహ. ఆ గడువు వాడని స్టాంపుకు డబ్బు వెనక్కి తీసుకోవడానికే అని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది.
7. అసలు పాసుపుస్తకం, దస్తావేజు ఎవరి దగ్గరా వదిలి రాకండి. చూపించి వెనక్కి తీసుకోండి.
8. అఫిడవిట్‌లో తెలిసి అబద్ధం రాయించడం నేరం. "మామూలుగా రాసేదే" అని రైటరు చెప్పినా శిక్ష పడేది సంతకం చేసినవారికే.

ఏ పనికి ఎక్కడికి?

• కొనుగోలు, పంపకాలు, దాన దస్తావేజు: సబ్‌రిజిస్ట్రారు. తెలంగాణలో వ్యవసాయ భూమికి తహశీల్దారు
• సాగుదారు హక్కు కార్డు: గ్రామ సచివాలయం
• ఈ-పంట: రైతు సేవా కేంద్రం
• మరణ నమోదు: మరణం జరిగిన చోటి పంచాయతీ లేదా మున్సిపాలిటీ
• కుటుంబ సభ్యుల పత్రం, పేర్ల మార్పు: మీసేవ లేదా సచివాలయం ద్వారా తహశీల్దారు
• అఫిడవిట్, నకళ్ల ధ్రువీకరణ: నోటరీ

దరఖాస్తు ఎక్కడ ఇచ్చినా రసీదు తీసుకుని, దాని సంఖ్యను ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఇప్పటికే నోటరీ కాగితం మీద భూమి కొన్నవారు దాన్ని పెట్టెలో దాచి ఊరుకోవద్దు. అమ్మినవారు బతికి ఉండి, సఖ్యంగా ఉండగానే రిజిస్ట్రేషన్ సాధ్యమవుతుందేమో కనుక్కోండి. మూడేళ్ల గడువు దగ్గర పడుతుంటే న్యాయవాదిని కలవండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితికి లోబడిన పేదలకు మండల న్యాయ సేవా కమిటీ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోను ద్వారా సలహా కోసం 15100కు చేయవచ్చు. పంటలు, వ్యవసాయ పథకాల గురించిన సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.